పార్క్ లేన్‌లో డ్రైవర్లు దిద్దే పని

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే అసెంబుల్డ్ కంప్యూటర్లు, విడిభాగాలు అని అందరికీ తెలుసు. ఆ చుట్టుపక్కల కొందరికి లైనక్స్ కూడా ఇంత కూడు పెట్టింది. నేను తిన్నది అదే.

మొదట్లో గొడవంతా డయలప్ మోడెంలతోనే. చవక కార్డుల్లో చిప్ చేయాల్సిన పనిలో చాలా భాగం విండోస్ డ్రైవర్ మీద పడేసేవాళ్లు. లైనక్స్‌లో పెడితే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఎక్కడైనా డ్రైవర్ కోడ్ దొరికితే మన కెర్నెల్‌కు తగ్గట్టు కంపైల్ చేసుకోవాలి. 2003 డిసెంబర్‌లో 2.6 కెర్నెల్ వచ్చి మాడ్యూల్ కట్టే పద్ధతినే మార్చేసింది. పాత మేక్‌ఫైళ్లన్నీ మూలపడ్డాయి. తర్వాత డెల్ వాళ్ల డీకేఎంఎస్ అలవాటైంది. కెర్నెల్ మారినప్పుడల్లా అది డ్రైవర్‌ను మళ్లీ కంపైల్ చేస్తుంది, అంతవరకే. లోపలి ఫంక్షన్ మారితే కోడ్ దిద్దాల్సింది మనిషే.

ఎందుకు మారుస్తారంటే, పాత బరువు దించుకోవడానికి. యాక్సెస్_ఓకే అనే కెర్నెల్ ఫంక్షన్ సంగతే చూడండి. దానికి మూడు ఆర్గుమెంట్లు ఉండేవి. మొదటిది చదవడానికా, రాయడానికా అని చెప్పేది. 1985 నాటి ఇంటెల్ 386 చిప్, కెర్నెల్ మోడ్‌లో ఉన్నప్పుడు పేజీకున్న రైట్ ప్రొటెక్షన్‌ను లెక్కచేసేది కాదు. అందుకని కెర్నెలే ముందుగా చూసుకోవాల్సి వచ్చేది. 386కు సపోర్ట్ తీసేసి ఏళ్లు గడిచినా ఆ ఆర్గుమెంట్ ఊరికే వేలాడుతూ ఉండిపోయింది. చివరికి 2019 మార్చిలో వచ్చిన 5.0లో లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని పీకేశారు. బయటి డ్రైవర్లు ఎన్నో ఆగిపోయాయి.

2023లో 6.4 వచ్చాక బాలానగర్ నుంచి ఒక పార్టీ వచ్చాడు. మెషీన్ రీడింగులు తీసే కార్డు.

"నిన్నటిదాకా మంచిగనే నడిచిందన్నా. అప్‌డేట్ కొట్టినం, అంతే."

ఆర్గుమెంట్లు ఎక్కువయ్యాయని కంపైలర్ క్లాస్_క్రియేట్ అనే ఫంక్షన్ దగ్గర ఆగింది. అంతకుముందు దిస్_మాడ్యూల్, పేరు రెండూ ఇవ్వాలి, 6.4 నుంచి పేరొక్కటే. వెర్షన్ చూసే ఒక #ఇఫ్ పెట్టి, కొత్త కెర్నెల్‌కు ఒక రకం, పాతదానికి ఒక రకం రాశాను. తిట్టడానికి పట్టినంత సేపు కూడా పట్టదు ఆ పని.

మా లైన్‌లో చాలామంది కెర్నెల్ వాళ్లనే తిడతారు. నేను తిట్టను. మామూలు ప్రోగ్రాములను చెడగొట్టబోమని వాళ్లు మాటిచ్చారు, లోపలి ఇంటర్‌ఫేస్‌ల మీద మాత్రం ఏ మాటా ఇవ్వలేదు. కెర్నెల్ మెయింటైనర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆ సంగతి రాసిన పత్రం కెర్నెల్ సోర్స్‌తోపాటే వస్తుంది. డ్రైవర్ ఆ సోర్స్ చెట్టులోనే ఉంటే, ఫంక్షన్ మార్చినవాళ్లే దాన్ని పిలిచే చోట్లన్నీ దిద్దుతారు. సీడీలో పడేసి చేతులు దులుపుకున్న కోడ్‌కు ఆ భాగ్యం ఎక్కడిది?

నేను చేసిన మార్పును కార్డు అమ్మినవాళ్లకు పంపమని బాలానగర్ పార్టీకి చెప్పాను.

"వాళ్లు ఆ కార్డే బంద్ పెట్టిన్రన్నా," అన్నాడు.