ఇంగ్లీష్ డిక్షనరీలో గోదారి మాటలు.. రావులపాలెం చుట్టుపక్కల నుంచి ఏమేం వెళ్లాయో తెలుసా?

రావులపాలెం: ఫోన్‌లో రీల్స్ తిప్పుతుంటే చాలు.. ‘ఈ పది కష్టమైన ఇంగ్లీష్ పదాలు మీకొచ్చా?’ అంటూ వీడియోలు వచ్చి పడుతుంటాయి. నోరు తిరగని మాట ఒకటి తెర మీద వేయడం, దానికో వింత అర్థం చెప్పడం, చూసినవాళ్లు మర్నాటికి మర్చిపోవడం. ఇదే తంతు. కానీ అలాంటి వింత పదాల్లో కొన్ని పుట్టింది లండన్‌లో కాదు. ఒకటి అచ్చంగా తెలుగు మాట. ఇంకో రెండు రావులపాలేనికి అటూ ఇటూ పారే గోదావరి పాయల చివర ఉన్న ఊళ్ల పేర్లు. ఒక పక్క జొన్నాడ బ్రిడ్జి కింద గౌతమి, ఇంకో పక్క సిద్ధాంతం బ్రిడ్జి కింద వశిష్ట. ఆ నీళ్ల వెంట కిందకి వెళ్తే ఇంగ్లీష్ డిక్షనరీలోకి ఎక్కిన ఊళ్లు కనిపిస్తాయి.

ఇక్కడ ఇచ్చిన సరదా అర్థాలు పరీక్షలో రాస్తే మార్కులు రావు. వాటి వెనకున్న కథలు మాత్రం నిజమైనవే.

బాండికూట్: మన పందికొక్కే!

సరదా అర్థం: రైతుకి తెలియకుండా రైతు గాదెలో వాటా తీసుకునే భాగస్వామి.

ఇది అచ్చ తెలుగు. పంది, కొక్కు.. రెండూ కలిస్తే పందికొక్కు. వరి గట్లని గుల్ల చేసి, కంకులు కొరికి కన్నంలోకి లాక్కుపోయే ఈ జీవిని చూసిన ఇంగ్లీష్ వాళ్లు, పేరు పలకలేక బాండికూట్ అన్నారు. ఈ ఎలుకల జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కూడా బాండికోటా. అంటే ప్రపంచంలో ఏ మూల జీవశాస్త్రం చదివే పిల్లాడైనా తెలుగు మాటని లాటిన్ అనుకుని బట్టీ పడుతున్నాడన్నమాట.

అసలు మలుపు ఆ తర్వాతే వచ్చింది. ఆస్ట్రేలియా వెళ్లిన ఇంగ్లీష్ వాళ్లకి అక్కడ పొడుగు ముక్కుతో నేల తవ్వుకునే చిన్న జంతువు కనిపించింది. కంగారూలాగా కడుపు దగ్గర సంచి ఉన్న జాతి అది. పందికొక్కుతో ఏ చుట్టరికమూ లేదు. అయినా చూడ్డానికి కాస్త అలాగే ఉందని దానికీ బాండికూట్ పేరే తగిలించేశారు. ఇవాళ గూగుల్‌లో వెతికితే ముందు వచ్చేది ఆ ఆస్ట్రేలియా జంతువే. 1996లో ప్లేస్టేషన్‌లో వచ్చిన ‘క్రాష్ బాండికూట్’ వీడియో గేమ్ హీరో కూడా ఆ జాతివాడే. ఆ గేమ్ ఆడుతూ పెరిగిన తెలుగు కుర్రాళ్లలో ఎంతమందికి అది తమ చేలో పందికొక్కు పేరని తెలుసో!

ఆస్ట్రేలియా వాళ్లు దీన్ని క్రియగా కూడా వాడేశారు. పైన మొక్క కదలకుండా ఉంచి, కింద దుంప మాత్రం దొంగిలించడాన్ని అక్కడ బాండికూట్ చేయడం అంటారు. కోనసీమ భాషలో చెప్పాలంటే.. ‘రాత్రి ఎవరో వచ్చి మా చేలో కందంతా బాండికూట్ చేసేశారండీ బాబూ! పొద్దున్న చూస్తే మొక్కలు మొక్కల్లానే ఉన్నాయి.’

మదపోలం: ఊరి పేరు మోస్తున్న బట్ట

సరదా అర్థం: పుట్టిన ఊరికే పరాయి సరుకుగా తిరిగొచ్చిన తాను.

రావులపాలెం పక్కగా పారే వశిష్ట వెంట దిగువకి వెళ్తే నరసాపురం. ఆ పక్కనే మాధవాయిపాలెం. సఖినేటిపల్లి వైపు వెళ్లేవాళ్లు పంటు ఎక్కే రేవు అదే. రేవులో నిలబడి బైకు ఎక్కించే తొందరలో ఉన్నవాళ్లకి గుర్తుండకపోవచ్చు గానీ.. ఇంగ్లీష్, ఫ్రెంచ్, స్పానిష్ డిక్షనరీల్లో ఈ ఊరుంది. సన్నని నూలుతో చిక్కగా నేసిన మెత్తని తెల్లబట్టకి ఆ భాషల్లో పేరు మదపోలం.

ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దంలోనే ఇక్కడ బట్టల వ్యాపారం పెట్టింది. డెల్టాలో కంపెనీకి మూడు ప్రధాన కొనుగోలు కేంద్రాలు ఉండేవి. మాధవాయిపాలెం ఒకటి, ఇంజరం రెండోది, కోనసీమలోని బెండమూర్లంక మూడోది. చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన తానులు ఇక్కడ పోగై ఓడలెక్కేవి. లండన్ వ్యాపారికి నేతగాడి పేరు తెలియదు. సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రేవు పేరే బట్ట పేరైపోయింది.

తర్వాత లాంకషైర్‌లో మిల్లులొచ్చాయి. అదే రకం బట్టని మరమీద చౌకగా నేశారు. 1833 చట్టంతో కంపెనీ వ్యాపారం పూర్తిగా ఆగిపోయింది. భారతదేశంలో తెల్లవాళ్లు వాడే మాటలన్నీ పోగేసి 1886లో హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ ‘హాబ్సన్-జాబ్సన్’ అనే నిఘంటువు వేశారు. అందులో మదపోలం గురించి రాసిన సంగతి చదివితే మనసు చివుక్కుమంటుంది. అప్పటికే ఆ బట్ట ఇంగ్లండ్ నుంచి ఇండియాకి దిగుమతి అవుతోంది! మాధవాయిపాలెం పేరున్న బట్టని ఇంగ్లండ్ మిల్లు నేసి, గోదావరి జిల్లా బజార్లో అమ్మగలిగే రోజులు వచ్చేశాయన్నమాట. పేరు మిగిలింది, మగ్గం మూలపడింది. ఇంత చిన్న మాటలో ఇంత పెద్ద దెబ్బ దాగున్న పదం ఈ జాబితాలో ఇంకోటి లేదు.

ఇంకో విచిత్రం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ చెక్కతో చేసిన మోస్కిటో అనే యుద్ధవిమానాన్ని ఎగరేసింది. ఆ చెక్క మీద అంటించి, పైన రసాయనం పూసిన బట్ట మదపోలమే. మాధవాయిపాలెం పేరు ఆకాశంలో కూడా తిరిగిందని చెప్పుకోవచ్చు, కాకపోతే బాంబులతో పాటు.

వాక్యంలో వాడాలంటే: ‘పాప లంగాకి లోపల గుచ్చుకోకుండా మదపోలం వేసి కుట్టండి టైలర్ గారూ.’

కోరంగీ: రంగం వెళ్లినవాళ్ల పేరు

ఈ మాటకి సరదా అర్థం రాయడం కష్టం. రావులపాలెం దగ్గర గౌతమి వైపు నుంచి దిగువకి వెళ్తే యానాం, ఆ పైన తాళ్లరేవు మండలంలోని కోరంగి. ఇప్పుడు మడ అడవులు చూడ్డానికి టూరిస్టులు వెళ్తున్నారు. ఒకప్పుడు అది ఓడలు కట్టే, ఓడలు బాగుచేసే పెద్ద రేవు. అక్కడి నుంచి, తర్వాత కాకినాడ నుంచి జనం బర్మాకి వెళ్లేవారు. గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్లు ‘రంగం వెళ్లాడు’ అనేది ఆ రంగూన్ గురించే.

ఇంటి దగ్గర ఒక్కొక్కరిది ఒక్కో ఊరు. అమలాపురం కావచ్చు, పిఠాపురం కావచ్చు, శ్రీకాకుళం కావచ్చు. రంగూన్‌లో దిగాక మాత్రం అందరూ కోరంగీలే. బర్మాలో ఇంగ్లీష్ వాళ్ల రికార్డుల్లో తెలుగు కూలీకి అదే పేరు. పడవెక్కిన రేవు పేరుతో మనిషిని పిలిచారు, అచ్చం మదపోలం బట్టని పిలిచినట్టే.

1930 మే నెలలో రంగూన్ ఓడరేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ల స్థానంలో బర్మా వాళ్లని పెట్టారు. సమ్మె తీరి తెలుగువాళ్లు తిరిగి పనిలోకి వచ్చేసరికి గొడవ మొదలై, అల్లర్లుగా మారి, ఎంతోమంది చనిపోయారు. 1942లో జపాన్ సైన్యం రంగూన్ పట్టుకున్నప్పుడు వేలాదిమంది అడవులు, కొండలు దాటి కాలినడకన ఇండియాకి వచ్చారు. దారిలోనే పోయినవాళ్లు చాలామంది.

సైక్లోన్: గ్రీకు మాట, మనకి బాగా తెలిసిన నొప్పి

టీవీలో స్క్రోలింగ్ చూసి చూసి ఇది తెలుగు మాటే అన్నంతగా అలవాటైపోయింది. దీన్ని తయారు చేసింది కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే మాజీ ఓడ కెప్టెన్. తుఫాను గాలి నేరుగా వీచదు, చుట్ట చుట్టుకుని తిరుగుతుందని నావికులకి చెప్పడానికి, పాము చుట్టని గుర్తుచేసే గ్రీకు మాట నుంచి సైక్లోన్ అనే పేరు పుట్టించాడు. 1848లో ఆయన వేసిన నావికుల పుస్తకంతో అది జనంలోకి వెళ్లింది.

ఆయన రాసిన తుఫాన్లలో కోరంగిది కూడా ఉంది. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు వరసగా వచ్చి ఆ రేవుని ముంచేశాయి. నిజానికి ఆ అలకి తెలుగులో అంతకంటే కచ్చితమైన మాట ఉంది.. ఉప్పెన. సైక్లోన్ అంటే మొత్తం తుఫాను. ఉప్పెన అంటే తుఫాను తోసుకొచ్చే సముద్రం. వార్తల్లో ఇంగ్లీష్ మాట వచ్చి తెలుగు మాటని సినిమా టైటిల్‌కి పరిమితం చేసేసింది గానీ, తీరంలో ఉన్నవాడు ముందు భయపడాల్సింది దానికే. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుఫానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ రాత్రి గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ ఎవరూ సరదాగా చెప్పరు.

ఇంకొన్ని.. చకచకా

మంగూస్: ముంగిస. మరాఠీ మీదుగా పోర్చుగీసు వాళ్ల నోట పడి ఇంగ్లీష్‌లోకి వెళ్లింది. మూలం ద్రావిడ భాషల్లో ఉందని, తెలుగు ముంగిసకి దగ్గరిదని డిక్షనరీలు రాస్తున్నాయి.

గోల్కొండ: మన కోట పేరే. ఇంగ్లీష్‌లో చిన్న అక్షరంతో మొదలుపెట్టి రాస్తే తరగని సంపద అని అర్థం. వజ్రాలు దొరికింది కోటలో కాదు, కృష్ణా తీరంలో కొల్లూరు లాంటి గనుల్లో. అమ్మింది గోల్కొండలో. పేరు ఎప్పుడూ మార్కెట్‌కే దక్కుతుందేమో!

బ్యాండీ: బండి. మద్రాసు వైపు తెల్లవాళ్లు ఎద్దుబండిని ఇలాగే పిలిచేవారు.

అనికట్: ధవళేశ్వరం ఆనకట్ట గురించి చదివితే ఎదురయ్యే మాట. తమిళ అణైక్కట్టు నుంచి ఇంగ్లీష్‌లోకి వచ్చింది. 1847 నుంచి 1852 వరకు కాటన్ దొర కట్టించిన ఆ ఆనకట్ట నీళ్లే కోనసీమ పంట కాలవల్లో పారేది.

కోప్రా, కాయిర్: కొబ్బరి, కొబ్బరి పీచు. రెండూ మలయాళం నుంచి వెళ్లాయి. అంబాజీపేట మార్కెట్‌లో కురిడీ అమ్మేవాళ్లకి ఇది కాస్త బాధే.

అటు నుంచి ఇటు కూడా..

లెక్క ఒకవైపే లేదు. రావులపాలేనికి దగ్గర్లో ఆత్రేయపురం మండలంలో లొల్ల లాకులున్నాయి. సినిమా షూటింగులకి ఫేమస్. ఆ లాకులు అనేది ఇంగ్లీష్ లాక్. కాలవలో పడవని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దింపే, ఎక్కించే తలుపుల గదిని ఇంగ్లీష్‌లో లాక్ అంటారు. తాళానికీ అదే మాట. గోదావరి వాళ్లు దానికి ‘లు’ చేర్చి ఊరి పేరు తగిలించాక, అది ఇంగ్లీష్ అని ఎవరికీ అనిపించదు.

పంటు కూడా అలాంటిదే. అడుగు చదునుగా ఉండే పడవని ఇంగ్లీష్‌లో పంట్ అంటారు. పి.గన్నవరంలో నది మీదుగా కాలవని దాటించే కట్టడాన్ని అక్కడ చిన్నపిల్లాడు కూడా అక్విడక్ట్ అనే అంటాడు. లాటిన్ నుంచి వచ్చిన మాట అది. కొత్త అక్విడక్ట్‌కి పెట్టిన పేరు మాత్రం ఆకలన్నవాడికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారిది.

ఇక రావులపాలెం అరటి మార్కెట్ సంగతి. బనానా అనే మాట పశ్చిమ ఆఫ్రికా నుంచి పోర్చుగీసు, స్పానిష్ వాళ్ల ద్వారా ఇంగ్లీష్‌లోకి వెళ్లింది. గెలలోని ఒక వరసని ఇక్కడ అత్తం అంటారు, అంటే హస్తం. ఇంగ్లీష్ వ్యాపారులు దాన్నే హ్యాండ్ అంటారు, ఒక్కో కాయని ఫింగర్ అంటారు. ఎవరి దగ్గర ఎవరూ నేర్చుకోకుండానే ఇద్దరికీ అరటి గెలలో చెయ్యే కనిపించింది.