వేమన పద్యపరిష్కరణమున సహాయపండితుల కృషి

గ్రంథము ముద్రితమైన పిమ్మట దాని ముఖపత్రముపైఁ గవిపేరును పరిష్కర్తపేరును నిలుచును. ప్రతులను వెదకి తెచ్చినవాఁడు, వానిని చదివి వినిపించినవాఁడు, పాఠభేదములను గుర్తించినవాఁడు, శుద్ధప్రతి వ్రాసినవాఁడు, ప్రూఫులు దిద్దినవాఁడు, వీరి పేరులు పీఠికలో నొకమూలఁ గానవచ్చును. పెక్కుచోట్ల నదియు లేదు. తెలుఁగున గ్రంథపరిష్కరణము పద్ధతిగా నారంభమైన కాలమును విచారించినచో నీ సహాయకుల కృషియే పాఠమునకుఁ బునాదియని తేటపడును. ఇందుకు వేమన పద్యముల చరిత్ర తగిన నిదర్శనము.

వేమన సమాధిగాఁ బ్రసిద్ధమైన స్థలము కదిరి ప్రాంతమందలి కటారుపల్లె. కదిరి తాలూకా పూర్వము కడపమండలములోనిది. 1910లో ననంతపురమండలమునఁ జేరెను. 2022 నుండి శ్రీసత్యసాయిజిల్లాలో నున్నది. అనంతపురపు పీఠభూమి వానకుఱుచ సీమ. సంవత్సరమునకు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. ఇట్టి నేలలో గ్రంథము నిలుచుట సులభము కాదు. తాటాకు పుస్తకము పురుగుపాలు గాకమునుపే కొన్నితరముల కొకమాఱు తిరిగి వ్రాయింపవలెను, వ్రాయసగానికి గ్రాసమీయవలెను. కఱవు వచ్చి కుటుంబము చెదరినచో వ్రాయించువాఁ డుండఁడు. అటకమీఁది పుస్తకము మన్నగును. అట్టిచోఁ బద్యమునకు నోరే శరణ్యము. నోట నున్న పద్యము బ్రదుకును గాని మాఱుచు బ్రదుకును.

1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకుఁ బ్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో అనంతపురమున నివసించెను. ఆయన 1820లో మద్రాసు గవర్నరై, కాలేజీ విద్యార్థులకు దేశభాషలు నేర్వవలసిన యావశ్యకమును బోధించెను. ఆ మాటలు విని కడపకు వచ్చిన యుద్యోగులలో చార్లెస్ ఫిలిప్ బ్రౌనుదొర యొకఁడు. 1824లో మచిలీపట్టణమున నున్నప్పుడు, అబే దుబాయి గ్రంథమున వేమన ప్రశంసను జూచి, ఆ కవి ప్రతులకై యాతఁడు వెదకఁజొచ్చెను. నాఁటి పండితులలోఁ బెక్కండ్రు వేమనను గ్రామ్యకవియని చులకన చేసెడివారు. అయినను బ్రౌను ప్రతులను గూర్చి, 693 పద్యములను ఆంగ్లానువాదముతో 1829లో మద్రాసు కాలేజీ ముద్రాశాలయందుఁ బ్రకటించెను. 1839 నాఁటి రెండవకూర్పున 1164 పద్యములు గలవు.

బ్రౌను చేసిన సాహిత్యవ్యవసాయమంతయు నొంటివాని పని కాదు. తిప్పాభొట్ల వేంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య మున్నగువా రాతనికి ఛందోవ్యాకరణములు బోధించిరి. కడపలోని యాతని బంగళా తోటలో స్వంతవ్యయముతోఁ బోషింపఁబడిన పండితులును లేఖకులును బనిచేసిరి. అయోధ్యాపురం కృష్ణారెడ్డి యచ్చటి పనులను బర్యవేక్షించెను. జూలూరి అప్పయ్య వసుచరిత్ర మనుచరిత్రములకు వ్యాఖ్యలు వ్రాసెను. వసుచరిత్రము 1844లోను, మనుచరిత్రము 1851లోను అచ్చుపడినవి.

వారు పనిచేసిన తీరు గమనింపఁదగినది. మొదట వేఱువేఱు చోట్లనుండి ప్రతులు తెప్పింతురు. ఒకదానిని మాతృకగాఁ గొని, ఎదుటిపుట వదలి, కాగితముమీఁద నెత్తివ్రాయింతురు. తాటాకులపైఁ బదముల నడుమ నెడము లేదు; పద్యములకు సంఖ్యలును సాధారణముగా నుండవు. సంఖ్యలు వేయుటయే యొక పని. పిదపఁ దక్కిన ప్రతులలోని పాఠభేదములను ఖాళీపుటలందు నమోదు చేయుదురు. తెలుఁగునందును సంస్కృతమునందును ఛందస్సునందును నిపుణులైనవారు కూర్చుండి వానిని జర్చింతురు. పరస్పరవిరుద్ధములైన సాక్ష్యములనుండి న్యాయాధిపతి తీర్పు చెప్పునట్లు తాను పాఠమును నిర్ణయించితినని బ్రౌను చెప్పుకొనెను. ఆతఁడు వృత్తిచేతను న్యాయాధిపతియే గనుక నీ యుపమానము సహజమైనది.

వేమన విషయమున నీ తీర్పు మిక్కిలి కష్టము. ఆటవెలఁది బేసిపాదమున మూఁడు సూర్యగణములును రెండు ఇంద్రగణములును, సరిపాదమున నైదు సూర్యగణములును నుండును. నాలవగణము మొదటియక్షరమున యతి కుదురవలెను, లేదా ప్రాసయతి యుండవలెను. గణము చెడినచో, యతి తప్పినచో, లేఖకుని ప్రమాదమును బండితుఁడు వెంటనే పట్టఁగలఁడు. కాని యీ పరీక్షకు మేర కలదు. నాలవపాదము మకుటముగా ముందే సిద్ధమైయున్నది. మూఁడు పాదములు కూర్పఁగలవాఁడెవఁడైనను వేమన పేర నొక పద్యము చెప్పఁగలఁడు. యతిగణములు చక్కగాఁ గుదిరిన యనుకరణమును ఛందస్సు పట్టియీయదు. మఱియుఁ బండితుని చేతిలో నింకొక ప్రమాదము గలదు. సీమలోని వాడుకమాట యాతని చెవికిఁ దప్పుగాఁ దోఁచవచ్చును; దానిని దిద్దినచోఁ బద్యము శుద్ధమగును, కవి మాట పోవును. అట్లు పోయిన మాట అచ్చుపుస్తకమునఁ గానరాదు. ఎదుటిపుటలోని నమోదులో మాత్రమే మిగిలియుండును.

కావున సహాయకులు వ్రాసిన యా పుటల విలువ ముద్రితగ్రంథముతోఁ దీఱునది కాదు. 693 పద్యములు పదేండ్లలో 1164 అగుటయే మొదటి తీర్పు తుదితీర్పు కాదని తెలుపుచున్నది. బ్రౌను తన ప్రతులను మద్రాసు సాహిత్యసంఘమున కొసఁగెను. అవి చెన్నపురి ప్రాచ్యలిఖితపుస్తకభాండాగారమునఁ జేరినవి. అనంతపురమండలము కంబదూరు ప్రాంతమందలి రాళ్ళపల్లిలో 1893లో జన్మించిన అనంతకృష్ణశర్మగారు 1928లో నాంధ్రవిశ్వకళాపరిషత్తు పక్షమున వేమనపై నుపన్యాసము లిచ్చి, యీ కవిని పండితగోష్ఠికి మరలఁ దెచ్చిరి. ఆ వెనుక ఆచార్య ఎన్. గోపిగారు పారిస్ నగరమున నున్న వ్రాఁతప్రతిని వెలువరించిరి. క్రొత్తప్రతి దొరకినప్పుడెల్లఁ బాఁతసాక్ష్యములను దిరిగి విచారింపవలసియుండును. అట్టి విచారణకు బ్రౌను సహాయకుల నమోదులే యాధారము.

తీర్పు న్యాయాధిపతిదే, బాధ్యతయు నాతనిదే. కాని సాక్షులు చెప్పినది లేని తీర్పును బునర్విచారణ చేయ వీలులేదు. ఏ ప్రతి నెవఁడు చదివెను, ఎవఁడు వ్రాసెను, ఏ సీమవాఁడు, ఏ మాటకుఁ జెవి యలవడినవాఁడు అనునవి పాఠనిర్ణయమునకుఁ బనికివచ్చు సంగతులు. కడప తోటలోఁ బనిచేసిన కొందఱి పేరులు నిలిచినవి. జీతమునకు వ్రాసిన లేఖకులలోఁ బెక్కండ్ర పేరులు నిలువలేదు. అంతమేరకు మనకు సాక్ష్యము లోపించినది. ప్రాచీనగ్రంథములను బ్రకటించు సంస్థలు సహాయకుల పేరులను, వారు చేసిన పనుల వివరముతోఁ బీఠికయందుఁ జేర్చుట కృతజ్ఞత కొఱకే కాదు. గ్రంథముయొక్క ప్రామాణ్యము కొఱకును.