పండుగ పూట మన ఇండ్లలో తీపి, చేతిపని: కొంత చరిత్ర

షీర్ ఖుర్మా అనే పేరులోనే దాని చరిత్ర సగం ఉన్నది. ఫార్సీ భాషలో షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. ఆ పేరులో సేమ్యా లేదు, చక్కెర లేదు. అయినా ఈనాడు మన పిల్లల్ని అడిగితే షీర్ ఖుర్మా అంటే సేమ్యా పాయసమే కదా అంటారు. రాజుల యుద్ధాలూ కోటలూ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవి. మేము వాటిని బడిలో ఏటా చెబుతూనే ఉన్నాము. మన అమ్మల, నానీల చేతిపనికి మాత్రం ఏ తరగతిలోనూ పాఠం లేదు. ఆ కొరత కొంతైనా తీర్చుదామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ముందుగా ఖర్జూరం సంగతి. ఈదుల్ ఫిత్ర్ ఉదయం నమాజుకు బయలుదేరే ముందు బేసి సంఖ్యలో ఖర్జూరాలు తినడం మన ప్రవక్త (స) గారి అలవాటు అని హదీసులో ఉన్నది. నెల్లాళ్ళ ఉపవాసం ముగిసిందనడానికి అది గుర్తు. ఖర్జూరం పండే దేశంలో అది చేతికందే పండు. మన దేశంలో ఎండు ఖర్జూరాన్ని ముందురాత్రి నానబెట్టి, సన్నగా చీల్చి, పాలలో ఉడికించడం ఆచారమైంది. అందులో వేసే సారపప్పు మన అడవుల సరుకు, గిరిజనులు ఏరి తెచ్చేది. అరబ్బుల ఖర్జూరమూ, మన అడవి సారపప్పూ ఒక్క గిన్నెలో కలిశాయన్నమాట.

ఇక సేమ్యా. ఇది ఎవరి సొత్తు అని వాదించేవాళ్ళు ఉన్నారు. అల్ ఇద్రీసీ అనే భూగోళ శాస్త్రవేత్త 1154లో ముగించిన గ్రంథంలో, సిసిలీ ద్వీపంలోని త్రాబియా అనే ఊళ్ళో 'ఇత్రియా' అనే పిండి తీగలు విరివిగా తయారు చేసి ఓడల మీద ముస్లిం దేశాలకూ క్రైస్తవ దేశాలకూ పంపేవారని రాశాడు. మరోపక్క సంస్కృతంలో 'సేవిక' అనే మాట ఉన్నది. సేవయ్యా అనే మన మాట దానికి చుట్టమే. గోధుమ పండిన చోటల్లా ఆడవాళ్ళు పిండిని తీగ చేసి ఎండబెట్టడం నేర్చుకున్నారు. కనుక అది ఏ ఒక్కరి సొత్తూ కాదని మా అభిప్రాయం.

మాటల ప్రయాణం ఇంకా వింతగా ఉంటుంది. సంస్కృతంలోని శర్కర ఫార్సీలో షక్కర్ అయింది, అరబ్బీలో సుక్కర్ అయింది. ఖండము అనే మాట ఫార్సీకి పోయి ఖంద్ అయింది. అదే మాట తెలుగువారి కలకండలోనూ ఉన్నది. హల్వా మాత్రం అరబ్బీ మాట, తియ్యనిది అని అర్థం. చెరకు రసాన్ని గడ్డకట్టించే విద్య ఇక్కడినుండి పడమటికి పోతే, దానితో చేసే హల్వా పేరు అక్కడినుండి ఇక్కడికి వచ్చింది. ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇదే గదా.

అబుల్ ఫజల్ రాసిన ఆయినె అక్బరీలో చక్రవర్తి వంటశాల లెక్కలు ఉన్నవి. జర్ద్ బిరింజ్ అంటే పసుపుపచ్చని అన్నం. దానికి బియ్యం 10 శేర్లు, కలకండ 5 శేర్లు, నెయ్యి మూడున్నర శేర్లు, ద్రాక్ష, బాదం, పిస్తా తలా అర శేరు. హల్వాకు పిండి, కలకండ, నెయ్యి మూడూ తలా 10 శేర్లు. మన పెళ్ళిళ్ళలో వడ్డించే జర్దా ఆ జర్ద్ బిరింజ్ వంశమే. చక్రవర్తి వంటకు లెక్క రాసే గుమాస్తా ఉన్నాడు. మన ఇండ్లలో ఆ లెక్క పిడికిలిలోనూ కంటిచూపులోనూ ఉండేది. "ఎంత వెయ్యాలి అమ్మీ?" అని అడిగితే "చాలినంత" అని జవాబు. అమ్మీ పోతే ఆ కొలత కూడా పోయినట్లే.

మన దక్కను విషయానికి వద్దాము. 1591లో హైదరాబాదు నగరాన్ని స్థాపించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీ భాషలో పెద్ద కవి. ఈద్ మీద, షబె బరాత్ మీద, వసంతం మీద, తొలకరి వానల మీద కూడా ఆయన కవితలు చెప్పాడు. ఆ కవితలన్నిటినీ డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారు 1940లో కుల్లియాత్‌గా వెలువరించారు. అవి చదివితే ఈ నేలమీద పండుగలూ ఋతువులూ ఎలా కలగలిసి ఉండేవో తెలుస్తుంది.

ఈ కలయికకు మలీదా కంటే మంచి ఉదాహరణ మాకు కనిపించలేదు. ఫార్సీలో మాలీదన్ అంటే నలపడం. రొట్టెను వేడిమీదనే నలిపి, బెల్లం, నెయ్యి కలిపితే మలీదా. మొహర్రం రోజుల్లో, పల్లెల్లో పీర్ల పండుగంటారే, అప్పుడు ముస్లిములూ హిందువులూ మలీదా చేసి తెస్తారు. తెలంగాణలో సద్దుల బతుకమ్మ నాడు ఆడబిడ్డలు చెరువు గట్టున పంచుకునేవి కూడా మలీద ముద్దలే. అది ఫార్సీ మాట అని వాళ్ళకు తెలియదు, అది బతుకమ్మ ప్రసాదమని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ఇలాంటివి మతవిధులు కావు, కేవలం ఆచారాలు. షబె బరాత్ హల్వా గురించి కూడా పెద్దల్లో భిన్నాభిప్రాయాలున్నవి. మేము ఆ చర్చలోకి పోవడం లేదు. చరిత్రలో ఉన్నదాన్ని ఉన్నట్లు చెబుతున్నాము.

మన పండుగలకు ఇంకొక ప్రత్యేకత ఉన్నది. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే. కనుక రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరిగి, సుమారు 33 ఏండ్లకు ఋతువులన్నీ చుట్టి వస్తుంది. అందువల్ల ఇంటి పని కూడా ఋతువును బట్టి మారేది. ఎండాకాలంలో వస్తే తాటాకు విసనకర్రలకు పాత చీర అంచు ఝాలరుగా కుట్టేవాళ్ళు, షర్బత్‌కు సబ్జా గింజలు నానవేసేవాళ్ళు. వానాకాలంలో వస్తే సేమ్యా ఎండక ఇంట్లో దండేల మీద ఆరవేసేవాళ్ళు. చలికాలపు రాత్రుల్లో క్రోషియా సూదితో టోపీలు అల్లేవాళ్ళు. మీలాద్ వస్తే పిల్లలు మైదా గంజి కాచి, పతంగి కాగితంతో జెండాలు, గొలుసులు అంటించేవాళ్ళు. చాంద్ రాత్ నాడు గోరింటాకు కోసి, చింతపండు వేసి, రోట్లో నూరేవాళ్ళు. ఇరుగుపొరుగు తెలుగువాళ్ళకు ఆషాఢమాసంలో ఎలాగో మనకు ఆ రాత్రి అలాగ. ఇప్పుడు కోన్లు వచ్చినవి. నల్లగా పండాలని కొన్ని కోన్లలో పీపీడీ అనే రసాయనం కలుపుతున్నారు. దానివల్ల చర్మంపై బొబ్బలు లేవవచ్చు. తల్లులు ఈ సంగతి గమనించాలి.

అన్నిటికంటే పెద్ద పని సేమ్యా పని. షాబాన్ నెలలోనే మొదలయ్యేది. మైదా, రవ్వ గట్టిగా పిసికి, తడిగుడ్డ కప్పి నానబెట్టేవాళ్ళు. మిషను బల్ల అంచుకు బిగించేవాళ్ళు. ఒకరు పిడి తిప్పుతారు, ఒకరు పిండి ముద్ద కూరుతారు, ఒకరు దిగే తీగలను కర్రమీద అందుకొని నులకమంచంపై తెల్లగుడ్డ పరచి ఆరవేస్తారు. ఒంటరిగా అయ్యే పని కాదది. మిషను వీధికి ఒకటో రెండో ఉండేవి. ఈ ఇంటి పని అయ్యాక ఆ ఇంటికి పోయేది. దాని వెంట ఖాలాలూ ఆపాలూ పోయేవాళ్ళు. పిడి తిప్పుతూనే సంబంధాలు మాట్లాడుకునేవాళ్ళు, అలిగినవాళ్ళు కలిసిపోయేవాళ్ళు. వీధిలో భర్త పోయిన ఒక ఆపా ఉంటే నాలుగిండ్లకు సేమ్యా తీసి పెట్టేది. కూలి అని చెప్పకుండా ఆమెకు గోధుమలు, గుడ్డలు, డబ్బు ముట్టేవి. ఆమె చెయ్యి చాచవలసిన అవసరం ఉండేది కాదు.

ఇదీ అసలు సంగతి. ప్యాకెట్టు సేమ్యా వచ్చాక మన శ్రమ తగ్గింది, అది మంచిదే. రోజంతా ఉద్యోగం చేసి వచ్చే కోడలిని మిషను తిప్పమని మేము అనము. కానీ ఆ ఆపాకు ముట్టే గోధుమలు ఆగిపోయినవి, వాటి స్థానంలో ఇంకేదీ రాలేదు. ఫిత్రా, జకాత్ ఉన్నవి కదా అంటారేమో. అవి ఆమె హక్కు, ఇవ్వవలసిందే. అయితే పనిచేసి గౌరవంగా పుచ్చుకున్న రూపాయికీ, వరుసలో నిలబడి పుచ్చుకున్న రూపాయికీ తేడా ఆమె మనసుకే తెలుస్తుంది.

మా తరగతిలో ఒకసారి సేమ్యా దేనితో చేస్తారని అడిగాము. ముప్పైమందిలో నలుగురు గోధుమ అన్నారు. ఒకడు లేచి "ప్యాకెట్టుతో సార్" అన్నాడు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాము. ఆ పిల్లల ఇండ్లలో సేమ్యా తీయడం తెలిసిన నానీ, దాదీ ఇంకా ఉన్నారు. వాళ్ళ చేతులు వణకడం మొదలుపెట్టినవి.

అందుచేత మన సంఘం పెద్దలకు ఒక మనవి. షాబాన్ నెలలో ఒక ఆదివారం ఎవరి పెరట్లోనైనా సరే రెండు మిషన్లు బిగించండి. పని తెలిసిన పెద్దవాళ్ళను పిలిచి కుర్చీలు వేసి కూర్చోబెట్టండి. ఆడపిల్లలతో పాటు మగపిల్లలను కూడా పిడి తిప్పనివ్వండి. కొలతలు ఎవరైనా ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి, ఉర్దూలో ఒక పుట, తెలుగులో ఒక పుట. మన వీధి ఆపాలు తీసే సేమ్యాను సభ్యుల ఇండ్లకు ఇంటికో కిలో చొప్పున ధర కట్టి కొనండి, బేరం ఆడకండి. పండుగనాడు ఆ షీర్ ఖుర్మా ఒక గిన్నెడు పక్కింటికి పంపేటప్పుడు ఇది ఎవరి చేతి సేమ్యాయో కూడా చెప్పండి. అల్లాహ్ మనందరికీ అందుకు తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.