చేవెళ్ల రోడ్డు మీది తెల్లకోట్లు: వైద్యవిద్యలో అలసటకు ఒక కులచరిత్ర

వైద్య విద్యార్థుల మానసిక ఒత్తిడి గురించి ఈ మధ్య చాలా మాట్లాడుతున్నారు. పత్రికలు రాస్తున్నాయి, కమిటీలు వేస్తున్నారు, కాలేజీల్లో యోగా తరగతులు పెడుతున్నారు. పెట్టనీయండి. కానీ ఈ చర్చలో ఒక ప్రశ్న ప్రతిసారీ పక్కకి జరిగిపోతోంది. అలసిపోయిన ఆ విద్యార్థి ఎవరు? ఏ వాడ నుంచి వొచ్చాడు? మొదటి రోజునే అతన్ని ‘నీ ర్యాంకెంత’ అని అడిగింది ఎవరు, ఎందుకు? ఒత్తిడి కులం తెలియని ఒక జబ్బు అన్నట్టు రాసే పద్ధతిని మేం ఒప్పుకోలేం. అలసటకు చరిత్ర ఉంది. ఆ చరిత్రలో కొంత భాగాన్ని మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతం ఆధారంగా చెప్పే ప్రయత్నం ఇది.

ముందు లెక్కలు. జాతీయ మెడికల్ కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్సు 2024లో నివేదిక ఇచ్చింది. దేశవ్యాప్తంగా పాతిక వేలకు పైగా ఎంబీబీఎస్ విద్యార్థులు, ఐదు వేలకు పైగా పీజీలు ఆ సర్వేకి జవాబిచ్చారు. ఎంబీబీఎస్ వాళ్లలో 27.8 శాతం మంది తమకు మానసిక సమస్య ఉన్నట్టు డాక్టర్లు తేల్చారని చెప్పారు. చచ్చిపోవాలన్న ఆలోచన వొచ్చిందన్నవాళ్లు ఎంబీబీఎస్‌లో 16.2 శాతం, పీజీల్లో 31.2 శాతం. అంటే పైకి ఎక్కేకొద్దీ రెట్టింపవుతోంది. ఇది మామూలు సంగతి కాదు. అయితే ఈ శాతాల్లో అందరూ ఒకే ముద్దగా కనిపిస్తారు. ముద్దను విడదీసి చూడడం మా పని.

మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కితే అజీజ్‌నగర్ దగ్గర్నుంచే ఏప్రాన్లు చేతికేసుకున్న పిల్లలు ఎక్కి దిగుతుంటారు. అజీజ్‌నగర్‌లో డాక్టర్ వి.ఆర్.కె. మహిళా వైద్య కళాశాల, ఎన్కేపల్లిలో భాస్కర్ మెడికల్ కాలేజీ, కనకమామిడిలో అయాన్, చేవెళ్లలో పట్నం మహేందర్‌రెడ్డి వైద్య సంస్థ. ముప్పై కిలోమీటర్ల రోడ్డు మీద నాలుగు మెడికల్ కాలేజీలు. ఇవన్నీ 2005 తర్వాత పదిహేనేళ్ల లోపల వొచ్చినవే. ఇంజనీరింగ్, ఫార్మసీ కాలేజీలు లెక్కబెడితే వేళ్లు చాలవు. పరీక్షల ముందర చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసే పిల్లల్లో ఈ కాలేజీల వాళ్లూ కొందరుంటారు. ఈ రోడ్డు మీద అన్నిటికంటే పాత కౌన్సెలింగ్ సెంటర్ అదేనేమో.

కాలేజీలు ఇక్కడికే ఎందుకొచ్చాయి? జవాబు భూమిలో ఉంది. 1999 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం కాలేజీ పెట్టాలంటే ఇరవై అయిదెకరాలు ఒకే చోట ఉండాలి, దాంతోపాటు పెద్ద ఆసుపత్రి ఉండాలి. హైదరాబాద్ లోపల అంత జాగ ఎవడిస్తాడు? మరోవైపు 1996 మార్చిలో వొచ్చిన 111 జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో పరిశ్రమలకు, పెద్ద కట్టడాలకు అడ్డు పెట్టింది. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, షాబాద్, శంషాబాద్ మండలాల ఊళ్లు అందులో ఉన్నాయి. ఫ్యాక్టరీ రాలేదు కాబట్టి కూలి రాలేదు. వ్యవసాయం నిలబడిందా అంటే అదీ లేదు. ఫాంహౌజులొచ్చినయి, ఫంక్షన్‌హాళ్లొచ్చినయి, కాలేజీలొచ్చినయి. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు సడలించారు. 1970లలో దళితులకిచ్చిన లావుణి పట్టా భూములు అమ్మకూడదని 1977 చట్టం చెబుతోంది. ఆ చట్టం ఉండగానే అసైన్డ్ భూములెట్లా చేతులు మారాయన్నది వేరే వ్యాసం కావాలి. ఇక్కడ మేం చెప్పేదల్లా ఇంతే: కాలేజీ గోడ పక్కనున్న వాడకు ఆ కాలేజీతో మొదటి సంబంధం సీటు ద్వారా కాదు. స్వీపర్‌గా, ఆయాగా, హాస్టల్ వంటలో కూలిగా, ఇక అందరికంటే ముందు పేషెంటుగా.

ఇది కొత్తది కాదు. పాతదాని కొనసాగింపు. తెలంగాణ పల్లెలో శవాన్ని తాకే పని ఎవరిది? చావుకబురు మోసేది, డప్పు కొట్టేది, గొయ్యి తవ్వేది మాల మాదిగలు. చచ్చిన గొడ్డును ఈడ్చుకెళ్లి, తోలు వొలిచి, ఏ ఎముక ఎక్కడ అతుకుతుందో చేత్తో తెలుసుకున్నది మాదిగలు. కాన్పు చేసిన మంత్రసాని మంగలి కులమో, మాదిగ కులమో. పుండు కోసింది మంగలి. ఈ జ్ఞానానికి మైల అని పేరు పెట్టారు. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా శవం మీద కత్తి పెట్టినప్పుడు తోపులు పేల్చారని చెబుతారు. అగ్రకుల హిందువు శవాన్ని తాకడం అంత గొప్ప సాహసం మరి! తరతరాలుగా తాకినవాళ్లకు తోపులు ఎవరూ పేల్చలేదు. శవం ‘ఎనాటమీ’ అయిన మరుక్షణం కత్తి ఒకరి చేతికి పోయింది, శవాన్ని ఎత్తి బల్ల మీద పెట్టే పని పాతవాళ్ల చేతుల్లోనే మిగిలింది. ఈనాటికీ డిసెక్షన్ హాల్లో ఆ పని ఎవరు చేస్తున్నారో చూస్తే తెలుస్తుంది.

హైదరాబాద్ సంస్థానంలో ఇంకో మెలిక ఉంది. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్ ఉర్దూలో చదువు చెప్పింది. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద పోలీసు చర్య దాకా ఎంబీబీఎస్ ఉర్దూలోనే సాగింది. దేశ భాషలో వైద్యం చెప్పొచ్చని నిరూపించిన నేల ఇది. కానీ ఆ భాష మా వాడల భాష కాదు. భాగ్యరెడ్డివర్మ 1910 నుంచి హైదరాబాద్‌లో దళిత పిల్లలకు బడులు పెట్టింది తెలుగులో. ఆ బడిలో అక్షరాలు దిద్దిన పోరడు మెడికల్ కాలేజీ గేటు దాకా రావాలంటే ఇంకో భాష దాటాలి. 1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వొచ్చింది. గేటు మారింది, తాళం అట్లాగే ఉంది. చేవెళ్ల దాటి వికారాబాద్ పోతే మెథడిస్టు మిషన్ ఆసుపత్రి ఉంది. మనవాళ్లు ఆధునిక వైద్యంలోకి అడుగుపెట్టింది అట్లాంటి చోట్ల నర్సులుగా, కాంపౌండర్లుగా, వార్డుబాయిలుగా. డాక్టర్లుగా రావడానికి రిజర్వేషన్ కావాల్సొచ్చింది.

రిజర్వేషన్ మీద ఈ దేశంలో మొదటి పెద్ద యుద్ధం మెడికల్ సీటు దగ్గరే జరిగిందన్న సంగతి మన విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి. మద్రాసు ప్రభుత్వ కమ్యూనల్ జీవో మీద చంపకం దొరైరాజన్ కోర్టుకెళ్లింది. మెడికల్ కాలేజీకి ఆమె అసలు దరఖాస్తే పెట్టలేదు. అయినా 1951లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. దాంతో అదే ఏడాది రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి 15(4) చేర్చాల్సి వొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన కులాల కోటా అనంతరామన్ కమిషన్ తర్వాత 1972లో బలరాం కేసులో నిలబడింది. అది కూడా మెడికల్ సీట్ల కేసే. 1986లో ఎన్టీరామారావు ప్రభుత్వం బీసీల కోటాను 25 నుంచి 44 శాతానికి పెంచితే రిజర్వేషన్ వ్యతిరేకులు వీధుల్లోకొచ్చారు. హైకోర్టు ఆ పెంపును కొట్టేసింది. 2006లో ఎయిమ్స్ డాక్టర్లు మళ్లీ సమ్మె చేశారు.

దీనికీ ఒత్తిడికీ ఏం సంబంధమని అడిగేవాళ్లుంటారు. సంబంధం ఇదే. ఈ ఆందోళనలన్నీ కోర్టులో గెలిచినా ఓడినా ఒక మాటను మాత్రం కాలేజీ గాలిలో వదిలిపెట్టాయి: మెరిట్. రిజర్వేషన్ విద్యార్థి తరగతిలోకి వొచ్చే ముందే అనుమానితుడు. కులం పేరు నేరుగా అడగలేరు కాబట్టి ర్యాంకు అడుగుతారు. మునుపు ఎంసెట్ ర్యాంకు, 2017 నుంచి నీట్ ర్యాంకు. 2006 గొడవ తర్వాత సుఖదేవ్ థోరాట్ అధ్యక్షతన వేసిన కమిటీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థులతో మాట్లాడి 2007లో రిపోర్టు ఇచ్చింది. వైవాలో కులం ఆరా తీయడం, హాస్టల్లో ఒక అంతస్తుకు నెట్టేయడం, ఆటల్లో, మెస్సుల్లో వెలివేయడం అందులో రాశారు. థియరీ పేపరు మీద నంబరుంటుంది. వైవాలో మొహం ఉంటుంది, పేరు ఉంటుంది, ఇంగ్లీషు ఉంటుంది. ఒకసారి సప్లీ వొస్తే బ్యాచు విడిపోతుంది. ‘సప్లీ బ్యాచ్’ అన్నది ఇంకో కులం పేరు లాంటిదే. ఇంటికి ఫోన్ చేసి ఏమని చెప్పాలి? ‘ఫిజియాలజీ పోయింది’ అంటే అమ్మకు ఏం అర్థమవుతుంది? ఊళ్లో డాక్టరు సారు అని అప్పటికే పిలుస్తున్నారు. అగ్రకులం పిల్లవాడికి ఇంట్లో మామయ్యో, అత్తయ్యో డాక్టరు. ఫలానా పరీక్ష పోతే ఏం కాదని చెప్పే నోరు ఇంట్లోనే ఉంటుంది. మనవాడికి ఆ నోరు లేదు. మా తరం పరిశోధక విద్యార్థులకు కూడా ఇది తెలిసిన సంగతే, మేం వేరే చదువులు చదివాం అంతే.

ఇక పని గంటలు. ‘రెసిడెంట్’ అన్న మాట ఎక్కడిది? 1889 తర్వాత అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ పెట్టిన పద్ధతి అది. నేర్చుకునేవాడు ఆసుపత్రిలోనే కాపురముండాలి, నిద్ర తర్వాత సంగతి. ఆ హాల్‌స్టెడ్ కొకైన్‌కు అలవాటు పడినవాడని తర్వాత చరిత్రకారులు రాశారు. ఆయన ఓపికను కొలబద్దగా పెట్టి ప్రపంచంలోని కుర్ర డాక్టర్లందర్నీ కొలిచారన్న మాట! 1984లో న్యూయార్క్‌లో లిబీ జయాన్ అనే పద్దెనిమిదేళ్ల పిల్ల ఆసుపత్రిలో చనిపోయింది. గంటలకొద్దీ నిద్రలేని జూనియర్ల వైద్యం మీద ఆమె తండ్రి పోరాడితే 1989లో ఆ రాష్ట్రం వారానికి ఎనభై గంటల హద్దు పెట్టింది. మనకు అంతకంటే మంచి కాయితం ఉంది. 1992 కేంద్ర రెసిడెన్సీ స్కీము వారానికి 48 గంటలని రాసింది. 2024 టాస్క్‌ఫోర్సు 74 గంటలు మించొద్దని సలహా ఇచ్చింది. ముప్పై రెండేళ్లలో హద్దు 26 గంటలు పెరిగింది, దాన్నే సంస్కరణ అన్నారు. ‘బర్నవుట్’ అన్న మాటను 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ వాడింది న్యూయార్క్‌లో పేదల ఉచిత క్లినిక్‌లో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల గురించి. ఇష్టపడి చేసిన పనిలో కాలిపోవడం అని ఆయన భావం. మనకు అది పూర్తిగా అతకదు.

కొందరు మిత్రులు పీజీల డ్యూటీని వెట్టి అంటున్నారు. మేం ఒప్పుకోం. వెట్టి పుట్టుకతో వొచ్చేది, కొడుక్కి కూడా అదే. సుంకరి కొడుకు సుంకరే. పీజీ మూడేళ్లలో స్పెషలిస్టు అవుతాడు. ఆ మాటను అంత చవగ్గా ఖర్చు చేయొద్దు. అయితే వెట్టిలో ఉన్న ఒక లక్షణం ఆసుపత్రిలో ఉంది: ఎవరి మీద ఎక్కువ పని వేయొచ్చో పైవాడికి తెలుసు. ఎదురు తిరగలేనివాడి పేరే డ్యూటీ చార్టులో మళ్లీ మళ్లీ పడుతుంది. 2019 మేలో ముంబైలో పాయల్ తడ్వీ, ఆదివాసీ, గైనకాలజీ పీజీ. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో ఎనస్తీషియా పీజీ చదువుతున్న గిరిజన విద్యార్థిని. రెండు చోట్లా సీనియర్ల మీద అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసులయ్యాయి. రెండు చోట్లా ‘ఇది కులం కాదు, పని ఒత్తిడి’ అన్న వాదన వొచ్చింది. పని ఒత్తిడీ కులమూ వేరువేరు డబ్బాలన్నట్టు! మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచే ఉంది. పాయల్ తల్లి, రోహిత్ వేముల తల్లి కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వొచ్చిందంటే చట్టాలెట్లా అమలవుతున్నాయో చెప్పనక్కర్లేదు.

ప్రైవేటు కాలేజీల కథ దీనికి తోడు. 1992లో ప్రైవేటు మెడికల్, డెంటల్ కాలేజీలకు అనుమతులిచ్చిన తీరును హైకోర్టు తప్పుపడితే ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దన్‌రెడ్డి దిగిపోయాడు. మరుసటేడు ఉన్నికృష్ణన్ తీర్పు ఫ్రీ సీట్లు, పేమెంట్ సీట్లు అని విడదీసింది. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ పద్ధతినీ తీసేసింది. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి, తనూ డాక్టరే, చేవెళ్ల నుంచే పాదయాత్ర మొదలుపెట్టాడు. ఆయన ప్రభుత్వంలో 2007లో ఆరోగ్యశ్రీ, 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వొచ్చాయి. దీనివల్ల మనపిల్లలు ప్రైవేటు కాలేజీల్లోకి రాగలిగారన్నది నిజం, దాన్ని తక్కువ చెయ్యం. కానీ ఒకే బెంచీ మీద కన్వీనర్ కోటాలో ఏడాదికి అరవై వేల సీటు, బి కేటగిరీలో పదకొండు లక్షల పైచిలుకు సీటు కూర్చున్నాయి. రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే సర్టిఫికెట్లు ఆఫీసులోనే ఉంటాయి. డబ్బు ప్రభుత్వం ఇవ్వాలి, సిగ్గు విద్యార్థి పడాలి. ఇంటర్న్‌ల స్టైపెండు చాలా కాలేజీలు ఇవ్వడం లేదన్న సంగతి 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంటి నుంచి డబ్బొచ్చేవాడికి స్టైపెండు పాకెట్‌మనీ. మనవాడు అందులోంచి ఇంటికి పంపాలి.

తెలంగాణలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు 2014లో అయిదు, 2024కి ముప్పై నాలుగు. మహేశ్వరంలోనూ ఒకటొచ్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ వర్గీకరణ అమల్లోకొచ్చింది. 1994లో దండోరా మొదలైనప్పటి నుంచి అడుగుతున్న వాటా అది. కనుక రాబోయే ఏళ్లలో వాడ నుంచి మొట్టమొదటి డాక్టరు కాబోయే పిల్లలు, ముఖ్యంగా మాదిగ, ఉపకులాల పిల్లలు, ఇంకా ఎక్కువమంది ఈ తరగతుల్లోకి వస్తారు. హాస్టల్లో వాళ్లకు ఎదురయ్యే సీనియర్లలో మనవాళ్లెంతమంది? విభాగాధిపతుల్లో ఎంతమంది? విద్యార్థి సంఘాలు ప్రతి కాలేజీలో ఈ లెక్క అడగాలి. అటెండెన్సు లెక్క వాళ్లు ఇస్తారు, ఇది ఇవ్వరు. గట్టిగా అడగాల్సింది ఇదే.

ఇంకొక లెక్క కూడా ఉంది. 2018 నుంచి 2022 దాకా అయిదేళ్లలో దేశంలో వందమందికి పైగా వైద్య విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. వెయ్యిమందికి పైగా, అందులో ఎక్కువభాగం పీజీలు, సీటు వదిలేసి పోయారు. పోవడం కూడా తేలిక కాదు. సీటు వదిలితే లక్షల్లో బాండు కట్టాలి. ఆ బాండు తీసేయమని జాతీయ మెడికల్ కమిషన్ 2024 జనవరిలో రాష్ట్రాలకు రాసింది. మాకు తెలిసిన కుటుంబం ఒకటి, ఈ చుట్టుపక్కలదే, కాలేజీ మాత్రం ఇక్కడిది కాదు. పిల్ల సెలవుకొచ్చి రెండు రోజులు పడుకునే ఉంది. ఇక నేను పోనే అంది. తండ్రి తిట్టలేదు. బాండు కాయితం తీసి, ఎంతని అడిగి, పక్కింటి మాస్టరుతో చదివించుకున్నాడు. తర్వాత బయటికెళ్లి ఎకరన్నర లావుణి పట్టా పాసుబుక్కు ఎక్కడ పెట్టావని భార్యను అడిగాడు. ఆ మాట లోపల మంచం మీదున్న పిల్లకి వినిపించింది. పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్లిపోయింది.