బొగ్గు బాయిలో ‘ఫేసు’: ఒక మాట చరిత్ర

కొత్తగూడెం, గోదావరిఖని, బెల్లంపల్లి బొగ్గు బాయిల్లో ‘ఫేసు’ అంటే మనిషి మొహం కాదు. భూగర్భంలో సొరంగం ఎక్కడ ఆగిందో, బొగ్గు పొర ఇంకా తవ్వకుండా ఎక్కడ గోడలా నిలిచి ఉందో, ఆ షిఫ్టులో రంధ్రాలు వేసి మందు పేల్చి బొగ్గు తీయవలసిన ఆ నిలువు అంచుకు కార్మికులు వాడే పేరు అది. ఫేసు ఎంత ముందుకు జరిగితే బాయి అంత పెరిగినట్టు, ఫేసు ఆగితే బాయి ఆగినట్టు లెక్క. మనిషి అవయవానికి చెందిన ఒక ఇంగ్లీషు మాట తెలంగాణ శ్రామికుల నాలుక మీద ఇంత ఖచ్చితమైన అర్థంతో స్థిరపడిన తీరు పరిశీలించదగినది.

ఈ మాటకు మూలం లాటిన్‌లోని ‘ఫేసియెస్’. దానికి ఆకారం, రూపం, పైకి కనిపించే తీరు అని అర్థాలు. ‘చేయు’ అనే అర్థమున్న ‘ఫాకెరె’ క్రియతో దానికి చుట్టరికం ఉందని భాషావేత్తలు భావిస్తారు. పాత ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దపు ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చిన ఈ మాట, అంతకుముందు అదే పని చేస్తున్న ‘ఆండ్‌వ్లిత’ వంటి దేశీయ పదాలను క్రమంగా వెనక్కి నెట్టింది. కళ్ళు, ముక్కు, నోరు కలిసిన అవయవం కంటే చూసేవారి వైపు తిరిగి ఉన్న పార్శ్వం అనే భావమే దీని అర్థాలన్నింటికీ ఆధారమని గుర్తిస్తే, గడియారపు అంకెల పలకకూ, కొండ చరియకూ, అచ్చు అక్షరం తీరుకూ, నోటు మీద ముద్రించిన విలువకూ ఇదే పేరు ఎందుకు వచ్చిందో తేలికగా బోధపడుతుంది. భవనం ముంగిలి భాగాన్ని చెప్పే ‘ఫసాడ్’, వజ్రపు చెక్కుడు పలకను చెప్పే ‘ఫేసెట్’, ఉపరితలాన్ని చెప్పే ‘సర్‌ఫేస్’ ఈ కుటుంబంలోవే. పరువు పోవడం అనే అర్థంలో ఇంగ్లీషువారు ఈ మాటను వాడడం మాత్రం 19వ శతాబ్దంలో చైనా భాష నుంచి అనువాదంగా తెచ్చుకున్నది. ‘మొహం చెల్లక’ తిరిగే తెలుగువాడికి ఆ అరువు అవసరం పడలేదు.

తెలుగులో సమానపదం వెతికితే వెంటనే తట్టేది ‘ముఖం’. అయితే సంస్కృతంలో ‘ముఖ’ శబ్దానికి మొదటి అర్థం నోరు. వదనం, ముందుభాగం, ప్రవేశం, ఆరంభం అనేవి దాని చుట్టూ అల్లుకున్న అర్థాలు. గుడిలో ముఖమంటపం, ఇంటికి మొగసాల, నదికి ముఖద్వారం ఆ ప్రవేశార్థం నుంచి పుట్టినవే, ‘ముఖ్యం’, ‘ప్రముఖం’ ముందుండడం అనే అర్థం నుంచి పుట్టినవి. ఇంగ్లీషు గని పరిభాషలో మాత్రం రెండు అవయవాలు రెండు కొసల్లో ఉంటాయి: భూమి మీద మనుషులు లోపలికి దిగే చోటు ‘మౌత్’, అంటే నోరు, అక్కడి నుంచి కిలోమీటర్ల దూరాన బొగ్గు తెగే చోటు ‘ఫేస్’. ఫేసును ‘గని ముఖం’ అని తర్జుమా చేస్తే తెలుగు పాఠకుడి మనసు లోపలి కొసకు పోకుండా బాయి ద్వారం దగ్గరే నిలబడిపోతుంది. ఈ మాటను అనువదించకుండా ఉకారం తగిలించి ఊరుకున్న కార్మికుల చెవి, పారిభాషిక పదకోశాలు కూర్చేవారి చెవి కంటే సున్నితమైనదని ఒప్పుకోక తప్పదు.

మాట వచ్చిన దారి బొగ్గు తవ్విన కంపెనీ వచ్చిన దారే. భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లెందు పరిసరాల్లో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. ఒక పొరకు ఆయన పేరుతో ‘కింగ్ సీమ్’ అని పేరు రాగా, దానికి జంటగా మరో పొరను ‘క్వీన్ సీమ్’ అనడం ఆనాటి ఇంజనీర్ల చమత్కారం కావచ్చు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది, 1889లో ఉత్పత్తి మొదలైంది, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టింది, 1945లో నిజాం ప్రభుత్వం వాటాల్లో అధికభాగం కొని దానిని ప్రభుత్వ సంస్థను చేసింది. దొరల నోటి నుంచి టబ్బు (బొగ్గు తొట్టి), ఇంక్లైను (వాలు సొరంగం), డిప్పు (పొర దిగే వైపు), రైజు (పొర ఎక్కే వైపు), గోఫు వంటి గని మాటలు దిగగా, హైదరాబాదు రాజ్యపు ఉర్దూ వాతావరణం నుంచి సర్దార్ వచ్చాడు. గనిలో ఒక భాగపు భద్రతకు బాధ్యుడైన ఉద్యోగి సర్దార్. ఫారసీలో ‘సర్’ అంటే తల. ఆ లెక్కన ఫేసు దగ్గర తల కూడా ఉంది.

బోర్డ్ అండ్ పిల్లర్ అనే పాత పద్ధతిలో బొగ్గు పొరలో అడ్డంగా, నిలువుగా సొరంగాలు తొలుచుకుంటూ పోయి, మధ్యమధ్య చదరపు దిమ్మెలను పైకప్పుకు ఆధారంగా వదిలిపెడతారు. ఆ దిమ్మెలే పిల్లర్లు. తరువాతి దశలో వాటినీ తీసేస్తే పైకప్పు కూలి ఏర్పడే ఖాళీ ప్రదేశం గోఫు. గోఫుకు ఆనుకొని పలుచగా వదిలే బొగ్గు గోడకు ‘రిబ్’, అంటే పక్కటెముక అని పేరు. ఇలాంటి గనిలో ఒకేసారి చాలా ఫేసులు నడుస్తాయి. మందు పేల్చి పొగ తగ్గాక సర్దార్ ముందుగా లోపలికి వెళ్ళి చేతికర్రతో పైకప్పును తట్టి చూస్తాడు. గట్టిగా మోగితే కప్పు దృఢంగా ఉన్నట్టు, డొల్లగా పలికితే పొర విడివడి ఉన్నట్టు. సేఫ్టీ దీపం వత్తిని తగ్గించి, మంట కొసన లేతనీలి టోపీ వంటి వెలుగు ఎంత ఎత్తున లేచిందో గమనించి మీథేన్ వాయువును అంచనా వేయడం మరో పరీక్ష; హంఫ్రీ డేవీ 1815లో రూపొందించిన దీపానికి ఇది వారసత్వం. గాలిలో మీథేన్ సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ తగిలి పేలుతుంది కనుక ఆ నీలి వెలుగును చదవడం రాని వాడు ఫేసుకు పనికిరాడు. ఆధారాలు నిలబెట్టాక కోల్ ఫిల్లర్లు తట్టా చెమ్మస్ (గంపా పారా) పట్టి బొగ్గును టబ్బుల్లోకి ఎత్తేవారు. నింపిన టబ్బుల లెక్కనే వారి కూలి.

ఫేసు జరిగే కొద్దీ టబ్బుల పట్టాలను, గాలి మార్గాలను, కార్మికుడి నడకను పొడిగించవలసి వచ్చేది. ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ అనే బొగ్గు ఎత్తే యంత్రాలు వచ్చాక తట్టా చెమ్మస్ వెనక్కి పోయింది గాని పేరు మారలేదు. 1980లలో లాంగ్‌వాల్ పద్ధతి రావడంతో ఆ మాట పరిమాణమే మారిపోయింది: చిన్నచిన్న ఫేసుల బదులు ఒకే పొడవైన ఫేసు, దాని వెంట అటూ ఇటూ తిరుగుతూ బొగ్గు కోసే షీరర్, పైకప్పును మోసే హైడ్రాలిక్ ఆధారాల వరుస. రామగుండం ప్రాంతంలోని అడ్రియాల గనిలో ఈ ఫేసు నిడివి సుమారు 250 మీటర్లు. ఇక్కడ ముందుగా రెండు వైపులా సొరంగాలు తొలిచి, దూరపు కొస నుంచి వెనక్కి కోసుకుంటూ వస్తారు కాబట్టి, ఫేసు రోజురోజుకూ గని ద్వారానికి దగ్గరవుతుంది.

ఇప్పుడు సింగరేణి ఉత్పత్తిలో సింహభాగం ఉపరితల (ఓపెన్‌కాస్టు) గనులదే. అక్కడ మెట్లుమెట్లుగా కోసిన బెంచీల నిలువు అంచును కూడా ఫేసు అనే అంటారు. షావెల్ నిలబడేదీ, డంపర్ వెనక్కి వచ్చి ఆగేదీ ఆ ఫేసు దగ్గరే. అయితే ఓపెన్‌కాస్టులో దిగడానికి గని నోరంటూ లేదు, కాబట్టి మౌత్, ఫేసు అనే ఆ జంట పదాల్లో ఒకటి పనిలేనిదైపోయింది, రెండోది మిగిలింది.