పరదేశమున నేలకొరిగిన శాంతిసైనికులు

స్వదేశపు సరిహద్దును కాపాడుచు మరణించిన వీరుని స్మరించుట ఏ జాతికైనను సహజధర్మము. కాని తన ఊరికిగాని, తన దేశమునకుగాని ముప్పు లేనిచోట, పరజాతి క్షేమమునకై ప్రాణము విడిచినవాని ఋణమును తీర్చవలసినవారెవరు? కాంగో ఉదంతము ఈ ప్రశ్నను భారతీయుల ఎదుట నిలిపినది.

1960 జూన్ 30వ తేదీన కాంగో బెల్జియము పాలననుండి విముక్తి చెందెను. రెండు వారములైనను గడువకమునుపే రాగిగనులకు నెలవైన కటాంగా రాష్ట్రము షోంబే నాయకత్వమున వేరుపడెను. విదేశీయులైన కిరాయిసైనికులు ఆతనికి అండగా నిలిచిరి. 1961 జనవరిలో ప్రథమ ప్రధాని లుముంబా హతుడయ్యెను. అంతర్యుద్ధమును ఆపుటకు తుదియుపాయముగా బలప్రయోగము చేయవచ్చునని భద్రతామండలి ఫిబ్రవరి 21న తీర్మానించెను. పిమ్మట భారతదేశము సుమారు 3,000 మందిగల 99వ పదాతి బ్రిగేడును పంపెను. సెప్టెంబరులో, సంధియత్నమునకై పయనించుచుండిన సమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షెల్డ్ విమానప్రమాదమున మరణించెను.

డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్ నగరమున, నేటి లుబుంబాషిలో, కటాంగా సేనలు విమానాశ్రయపు మార్గమును నిరోధించినవి. ఆ అడ్డును తొలగించు కార్యమున ఒకటవ గూర్ఖా రైఫిల్స్‌కు చెందిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా పాల్గొనెను. ఆతని వెంట నున్నవారు 16 మంది. ఎదిరి బలము 90 మంది, రెండు కవచశకటములు. సలారియా వెనుదీయక, బాయొనెట్లతోను కుక్రీలతోను పైబడెను. శత్రువులలో 40 మంది కూలగా, తక్కినవారు చెదరిపోయిరి. కంఠమున తూటా తగిలినను ఆతడు పోరు మానలేదు. తుదకు ఆ గాయములచేతనే అసువులు బాసెను. అప్పటికి ఆతని వయస్సు 26 ఏండ్లు. 1963 జనవరిలో కటాంగా వేర్పాటు అంతరించెను. కాంగో విచ్ఛిన్నము కాలేదు.

సలారియాకు మరణానంతరము పరమవీరచక్ర లభించినది. శాంతిసేనలో పోరాడి ఆ బిరుదమును పొందినవాడు ఆతడొక్కడే. విధినిర్వహణలో అసువులు బాసిన శాంతిసేవకులకై 1997లో సమితి హామర్‌షెల్డ్ పేరిట పతకమును నెలకొల్పెను. సైనికుడు, పోలీసు, పౌరోద్యోగి అను భేదము దానికి లేదు. 2003 నుండి మే 29 శాంతిరక్షకుల దినముగా పాటింపబడుచున్నది. సమితి కేంద్రకార్యాలయమున వీరికి స్మారకకుడ్యము నిర్మింపవలెనని భారతదేశము ప్రతిపాదింపగా, 2023 జూన్‌లో సర్వసభ్యసభ ఆమోదించెను. ఆ ప్రతిపాదన భారతదేశమునకు తగినదే. ఏలయన శాంతిసేవలో అమరులైన భారతీయులు 170 మందికి పైబడినారు.

యుద్ధవీరునకు శత్రువు ఎదుట నుండును. శాంతిసైనికునకు పగలేదు, జయించి పొందవలసిన భూమి లేదు; ఆయుధము చేతనుండియు దానిని తుదివరకు ఆపుకొనుటయే ఆతని వ్రతము. ఆ నిగ్రహమునకును, అది సాగనినాడు చూపిన తెగువకును పతకములు గుర్తులు మాత్రమే. ఎవరి ఐక్యతకై ఆతడు నేలకొరిగెనో ఆ జాతియు, ఏ తల్లి ఆతని నంపెనో ఆ జాతియు ఆతని పేరును మరువకుండుటయే నిజమైన ఋణవిమోచనము.