గోల్డ్‌స్మిత్ మోసిన పళ్ళాలు

మన సాహిత్య విద్యార్థుల్లో చాలామందికి గోల్డ్‌స్మిత్ కందుకూరి వీరేశలింగం ద్వారానే పరిచయం. 1878లో 'వివేకవర్ధని'లో వెలువడిన 'రాజశేఖర చరిత్రము'కు 1766 నాటి 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ప్రేరణ అన్నది పరీక్షల్లో రెండు మార్కుల ప్రశ్న. అది అనుకరణా, స్వతంత్ర రచనా అని వాదించుకున్నాం గాని, ఆ ఆంగ్ల రచయిత చదువు ఎట్లా సాగిందో పట్టించుకోలేదు.

1745లో అతను డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో 'సైజర్'గా చేరాడు. సైజర్ అంటే ఫీజుకు బదులు చాకిరీ చేసి చదువుకునే పేద విద్యార్థి. పొద్దున్నే ఆవరణ వూడ్వాలి. వంటశాల నుంచి అధ్యాపకుల బల్ల దగ్గరికి పళ్ళాలు మోయాలి. వాళ్ళు భోంచేసి లేచేదాకా హాల్లో నిలబడి, మిగిలింది తినాలి. చేతుల్లేని ముతక నల్లగౌను, ఎర్రటోపీ ధరించాలి. అంటే ఎంత దూరం నుంచి చూసినా వీడు చాకిరీవాడని తెలియాలి. వూడ్చిన నేలకంటే కాలేజీకి ఈ వేషమే ముఖ్యమేమో అనిపిస్తుంది.

అన్న హెన్రీ అదే కాలేజీలో ఫీజు కట్టి చదివాడు. మరి తమ్ముడికేమయింది? తండ్రి చర్చి గురువు, పెద్ద ఆస్తిపరుడు కాదు. కూతురు కేథరిన్ ఒక ధనికుడి కొడుకును రహస్యంగా పెళ్ళాడింది. డబ్బుకోసం చేసిన పెళ్ళి అన్న నింద పడలేక ఆయన 400 పౌన్ల కట్నం రాసిచ్చాడు. ఆ కట్నం కొడుకు ఫీజును మింగింది. ఈ కథ మన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు.

1747లో తండ్రి పోయాడు. గోల్డ్‌స్మిత్ వీధిపాటలు రాసి ఒక్కోటి 5 షిల్లింగులకు అమ్మేవాడనీ, రాత్రిళ్ళు వాటిని ఎవరో పాడుతుంటే చాటుగా వినేవాడనీ జీవితచరిత్రకారులు ముచ్చటగా రాస్తారు. ఆకలిని ముచ్చట చెయ్యడం వాళ్ళకు పాత అలవాటే.

1759లో యూరప్ విద్యాస్థితిపై రాసిన గ్రంథంలో అతను ఈ పద్ధతిని ఎత్తిచూపాడు. స్వేచ్ఛను నేర్పే శాస్త్రాలు చదువుతూనే దాస్యం చెయ్యడమేమిటన్నాడు; తప్పంతా అధ్యాపకుల అహంకారంలో వుందన్నాడు. అక్కడితో ఆగాడు. పళ్ళెం మోసినందుకు ఎన్ని గంటలు, ఎంత కూలి అన్న ప్రశ్న అతనికి రాలేదు. నా దృష్టిలో దాస్యం అసలు ఆ లెక్క లేకపోవడంలోనే వుంది.

ఆ లెక్క చట్టంలోకి రావడానికి రెండు శతాబ్దాలు పట్టింది. 1964లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి, పేద విద్యార్థులు చదువుకుంటూ చేసే పనికి కూలి యిచ్చే పథకం తెచ్చింది. అక్కడికి వెళ్ళిన మన తెలుగు పిల్లలకు ఆ పథకం వర్తించదు. అయినా యూనివర్సిటీ భోజనశాలల్లో, లైబ్రరీల్లో వాళ్ళు పనిచేస్తూనే వున్నారు. తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు దాటకూడదన్నది వీసా షరతు. గంటకింతని కూలి వుంది. ఎర్రటోపీ లేదు.

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు సెలవులకు వచ్చి, అక్కడి భోజనశాలలో తాను పళ్ళాలు కడుగుతున్న సంగతి చెప్పాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "నాన్నగారితో అనకండి మాస్టారూ" అన్నాడు.